దానం చెయ్యాలంటే పఫ్ ఎందుకు కొనాలండీ?

ఈరోజు ఊడ్పుల గురించీ ఎరువుల గురించీ కాదు. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన రాజమండ్రి స్కూళ్లలో పిల్లల చేత ఫుడ్ స్టాళ్లు పెట్టించి, వచ్చిన డబ్బు ఏ వృద్ధాశ్రమానికో వరద బాధితులకో ఇస్తుంటారు కదా. మంచి పనే, కాదనను. నా తగాదా అంతా ఆ బల్లల మీద పెట్టేవాటితో. పఫ్, సమోసా, నూడుల్స్, కప్ కేకు, పిజ్జా ముక్క. అంతా మైదాయే! ఊరు దాటితే వరిచేలే కనబడే ఈ గోదావరి డెల్టాలో, బియ్యంతో చేసినది ఒక్కటి వెతుక్కోవాల్సి వస్తోంది.

"పిల్లలు ఇష్టపడేవే పెడతారండీ, మీకేంటి బాధ" అంటారు. చెప్తాను. మా బంధువుల్లో ఒక పాపకి సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్తే, ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు గోడని పాడు చేస్తుంది. తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. నయం చేసే మందు లేదు, జన్మంతా గ్లూటెన్ మానెయ్యడమే. అలాంటి పాప చేతికి ఇరవై కూపన్లిచ్చి అమ్ముకురమ్మని, పఫ్‌ల బల్ల దగ్గరే నిలబెట్టారు. సాయంత్రం దాకా అందరికీ అందించి, తను మంచినీళ్లు తాగి ఇంటికొచ్చింది. తల్లి వెళ్లి అడిగితే "ఒక్కరోజు ఒక్కటి తింటే ఏమౌతుందండీ" అన్నారట. ఆ ఒక్కటే హాని అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఆ స్కూల్లోనే ఉంది మరి!

ఇదేదో ఉత్తరాది వాళ్ల జబ్బు అని కొట్టిపారెయ్యకండి. దేశంలో మూడు ప్రాంతాలు తీసుకుని చేసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. ఉత్తరాదిలో మనిషి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో తినేది 25 గ్రాములు. జబ్బు కూడా ఇక్కడ చాలా తక్కువే కనబడింది. కానీ ఆ జబ్బుకి చోటిచ్చే జన్యువులు మాత్రం ఇంచుమించు అక్కడెంతమందిలో ఉన్నాయో ఇక్కడా అంతమందిలో ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ మనల్ని కాచింది మన అన్నం కంచమే అయ్యుండొచ్చు. దాన్ని పక్కకి నెట్టి పిల్లలకి మైదా మప్పుతున్నాం, అదీ దానధర్మాల పేరుతో.

ధవళేశ్వరం బ్యారేజీ దాటితే ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వస్తే అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి, అంతే కదా అందులో. సున్నుండలున్నాయి, అరిసెలున్నాయి, కుడుములున్నాయి, వేరుశనగ ఉండలున్నాయి. ఇవి పెడితే పిల్లలు కొనరా? పెట్టి చూశారా అసలు?

అయితే బియ్యంది అనగానే నిశ్చింత అనుకోకండి, ఇక్కడే తిరకాసు. పులిహోర అన్నమే కదా అంటారు, అందులో వేసే డబ్బా ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు. బజ్జీ శనగపిండిదే, కానీ సమోసాలు వేగిన నూనెలో వేస్తే లాభం లేదు. గోధుమలు ఆడిన మరలోనే బియ్యం ఆడిస్తే ఆ పిండీ పనికిరాదు. ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఎంత కొంచెమో చూడండి! అందుకే ఆ బల్ల విడిగా ఉండాలి. గిన్నెలు, గరిటెలు, నూనె అన్నీ వేరే. వడ్డించే చెయ్యి కూడా.

తల్లిదండ్రులకి ఒకమాట. స్టాల్ రోజున వెళ్లి బతిమాలకండి, నోటీసు వచ్చిన రోజే హెడ్‌మాస్టరు గారికి కాగితం రాసివ్వండి. పాపకి డబ్బులు లెక్కపెట్టే పనో, పోస్టర్ల పనో అడగండి. డబ్బాలో తనకిష్టమైనది పెట్టి పంపండి. కూపన్ బదులు నేరుగా చందా ఇస్తామంటే వద్దనే హక్కు ఎవరికీ లేదు. పఫ్ కొంటేనే పుణ్యం వస్తుందా ఏంటి?

స్కూళ్ల వాళ్లకీ ఒకమాట. ఈ ఏడు ఎవరైనా విడిగా బియ్యం బల్ల పెడతామంటే, దానికి కావాల్సిన బియ్యం మా గాదెలోంచి నేనిస్తా. కామెంట్లో చెప్పండి, ఆటోకి వేసి పంపిస్తా. పిండి మాత్రం గోధుమ తగలని గ్రైండర్ చూసుకుని మీరే ఆడించుకోండి.