విహారయాత్రలలో తొందర

మన పాఠశాల విహారయాత్రలలో ఈల యూదువాడను నేనే. ఏ చోట నెన్ని నిమిషములు నిలువవలెనో కాగితముపై వ్రాసికొని, ఆ ప్రకారము పిల్లలను తోలుచుంటిని. ఆ పద్ధతి సరికాదని యిప్పుడు తోచుచున్నది.

గత వేసవిలో ఇంటివారిని రైలులో ముందు పంపి, నేనొక్కడనే మోటారు సైకిలుపై ఏలూరు నుండి విశాఖపట్టణమునకు బయలుదేరితిని. నడుమ నెచ్చటను ఆగవలెనను తలంపు లేదు. అయినను రాజమహేంద్రవరమున గోదావరి కనబడగానే బండి నాపి, 1900లో తెరువబడి 1997లో రైళ్ల రాకపోకలు చాలించిన హేవ్‌లాకు వంతెనను చాలసేపు చూచితిని.

విశాఖలో సముద్రపుటొడ్డున కుర్సురా జలాంతర్గామి యున్నది. 1969 మొదలు 2001 వరకు నౌకాదళములో సేవచేసి, 2002లో ప్రదర్శనశాల యైనది. మునుపొకసారి మన పిల్లలను పదిహేను నిమిషములలో దానిగుండ నడిపించితిని. అప్పుడు ఆరవ తరగతి బాలుడొకడు, "అయ్యా, ఇందులో వంట యెక్కడ చేసెడివారు?" అని యడుగగా, "ముందుకు నడువుము" అంటిని. ఈసారి త్రోవ తప్పి ఆ తీరమునకే వచ్చి, సరే యని లోపలికి పోయి, ఆ వంటగది యెదుట నిలిచితిని. మన యిండ్లలోని సామానుల కొట్టుకంటె ఇరుకు. సుమారు 75 మందికి భోజనము అక్కడినుండియే!

నలువదిమంది పిల్లలను ఇష్టము వచ్చినట్లు విడువరాదు. తల్లిదండ్రుల భయము న్యాయమే. కాని చూడవలసిన స్థలములను సగము తగ్గించి, ఒక పూటనైన గడియారము చూడక గడపిన నష్టమేమి? రాబోవు యాత్రకు అట్లే కోరియున్నాను. ఆ బాలుడిప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్నాడు. వానికింకను జవాబు చెప్పవలసియున్నది.