అమ్మ పట్టిన పాకము

సంక్రాంతిని మనవారు పెద్ద పండుగ అందురు. పెద్దల పండుగ అనియు అందురు. ఈ రెండవ పేరును పట్టణవాసులు కొంత మరచినట్లున్నారు. ఆనాడు గతించిన పెద్దలకు క్రొత్త బట్టలు పెట్టి, వారికి ప్రీతియైన పదార్థములు వండి, ఆకులో వడ్డించిన పిమ్మటనే ఇంటివారు భోజనమునకు కూర్చుండుట తెలుగునాట పెక్కు కుటుంబములలో నేటికిని ఉన్న ఆచారము. తెలంగాణమున బతుకమ్మ మొదలగు నాటి అమావాస్యకు పెత్రామాస యని పేరు. ఆనాడు పెద్దల పేర బియ్యమిత్తురు. కనుక పోయినవారిని వంట మూలమున తలచుకొనుట మనకెవరో నేర్పవలసిన సంగతి కాదు. నేను ఈ వారము అడుగదలచినది వేరొక ప్రశ్న. ఆకులో వడ్డించిన పదార్థము సరే, దానిని వండిన చేతులెవరివి?

నేడు పలు ఇండ్లలో ఆ పదార్థము అంగడినుండి వచ్చుచున్నది. అంగడిని నిందించుట నా ఉద్దేశము కాదు. బందరు లడ్డుకు 2017లోను, ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించినది. అవి రెండును చేతిపనివారి నేర్పువలన బ్రతికిన పదార్థములే. వీధి మలుపులో పిండివంటలమ్ము దుకాణము వెనుక కాగుచున్న మూకుడు ముందు కూర్చున్నవారు కూడ ఒకరి తల్లులే. నాలుగు కుంచముల బియ్యము దంచి, మూడు రోజులు పొయ్యి యెదుట నడుము విరుచుకొనిన ఆనాటి స్త్రీల శ్రమను తలచి, ‘ఆ రోజులే వేరు’ అని నిట్టూర్చుట మగవారికి తేలిక. ఆ రోజులలో మేము అరుగుమీద కూర్చుండి పత్రిక చదువుకొనుచుండెడివారము. ఆ సంగతిని ముందే ఒప్పుకొని ఈ మాటలు వ్రాయుచున్నాను.

ఈ పంక్తులు వ్రాయువాడు ముప్పది యేండ్లుగా కళాశాలలో తెలుగు చెప్పుచున్నాడు. ఏటేట విద్యార్థులకు కావ్యపాకములను గూర్చి ఒక పాఠముండును. ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూడు పేర్లు చెప్పి, నోటిలో వేసికొనగనే రసమూరునది ఒకటి, తొక్క ఒలిచినగాని అందనిది మరియొకటి, పీచు తీసి చిప్ప పగులగొట్టినగాని చిక్కనిది వేరొకటి అని వివరింతును. ఆ పాఠము నాకు నిద్రలోనైనను వచ్చును. కాని బెల్లపు పాకమును గూర్చి నాకేమియు తెలియదని, మా అమ్మ పోయిన రెండవ యేట తెలిసినది.

ఒక ఇంట మరణము సంభవించిన యేడు ఆ ఇంట పండుగ ఉండదు, పిండివంటకు మూకుడు పెట్టరు. బంధువులు, ఇరుగుపొరుగువారు తెచ్చి ఇచ్చినదే తినవలయును. మా అమ్మ పోయిన మొదటి సంక్రాంతికి మాకు ఏడు ఇండ్లనుండి అరిసెలు వచ్చినవి. ఏడును ఏడు విధములు. ఏ ఒక్కటియు మా ఇంటి అరిసె కాదు. రెండవ యేట మా అక్క పుట్టింటికి వచ్చి, “ఈసారి మనమే చేద్దాంరా తమ్ముడూ, అమ్మ ఆకులో కొన్న అరిసెలు వేయలేను” అన్నది.

అరిసె ఎరుగని తెలుగువాడు లేడు. దానిని చేయు విధము ఎరిగినవారు మాత్రము తగ్గుచున్నారు. బియ్యమును ఒక పగలు ఒక రాత్రి నానవేసి, నీరు ఓడ్చి, తడి పూర్తిగా ఆరకమునుపే దంచి జల్లించవలెను. పిండిలోని తడి పోకుండ అదిమి మూతపెట్టవలెను. బెల్లము కరిగించి, వడగట్టి, పొయ్యిమీద మరల పాకము పట్టవలెను. పాకము కుదిరిన క్షణమున ఒకరు పిండి పోయుచుండగా మరియొకరు తెడ్డుతో కలియబెట్టవలెను. ఆ చలిమిడిని ఉండలు చేసి, నువ్వులు గాని గసగసాలు గాని అద్ది, నేయి రాచిన ఆకుమీద తట్టి, మూకుడులో వేసి, పొంగిన పిమ్మట తీసి, రెండు చెక్కల నడుమ నొక్కవలెను. ఇందులో ఒంటిచేతితో అగు పని ఏది? పిండి పోయుటకొకరు, త్రిప్పుటకొకరు, తట్టుటకొకరు, వేయించుటకొకరు, నొక్కుటకొకరు. తమిళులు అదిరసమనియు, కన్నడిగులు కజ్జాయమనియు, మహారాష్ట్రులు అనారసె యనియు చేసికొను తియ్యని పదార్థములును దీనికి చుట్టములే. నాకు తెలిసినంతవరకు ఏ భాషవారును దీనిని ఏకాంతముగ వండు వంటగా భావించలేదు. మన సకినాల సంగతియు నంతే. తెలంగాణపు పల్లెలలో తెల్లని గుడ్డ పరచి నలుగురు ఆడవారు చుట్టును కూర్చుండి వేళ్ళతో పిండిని మెలిపెట్టుచు చుట్లు చుట్టుదురు. నేడు ఒక ఇంట, రేపు మరియొక ఇంట. ఆ చుట్టును చూచి అది ఎవరి చేయియో చెప్పగల ముసలమ్మలను నేనెరుగుదును. చేతివ్రాతను చూచి మనిషిని గుర్తించుట వంటిదే అదియు.

మా అక్కవద్ద ఒక నోటు పుస్తకమున్నది. పెండ్లియై వెళ్ళునాడు అమ్మ చెప్పగా వ్రాసికొనినది. అందులో అరిసెల పుటలో బియ్యము కొలత తవ్వలలోనున్నది, బెల్లము తూకము వీశెలలోనున్నది. 1956లో మన పార్లమెంటు తూనికలు కొలతల చట్టము చేసి కిలోగ్రాములు తెచ్చినను, మా అమ్మ వంటగదికి ఆ చట్టము ఎన్నడును రాలేదు. అంతకంటె చిక్కు పెట్టినది పుట చివరి వాక్యము. ‘పాకం తగినంత రానిచ్చి’ అని ఉన్నది. తగినంత! క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున ఔచిత్యమును గూర్చి గ్రంథము వ్రాసినాడు. కావ్యమునకు ప్రాణము ఔచిత్యమని ఆయన మతము. ఆ గ్రంథమునంతటిని మా అమ్మ ఒక్క మాటలో చెప్పి ఊరకున్నది. తగినంత యనగా ఎంతయో తెలిసినవారికి ఆ వాక్యము చాలును, తెలియనివారికి పుస్తకమంతయు చాలదు.

ఇట్టి పుస్తకములను గూర్చి తలచినపుడెల్ల నాకు మరియొక పుస్తకము మనస్సున మెదలును. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, నేటి చెక్ దేశములోని తెరెజీన్ అను చోట నాజీలు యూదులను నిర్బంధించినారు. ఆకలికి శుష్కించుచున్న అచటి స్త్రీలు కొందరు, ఒకప్పుడు తమ తమ ఇండ్లలో చేసికొనిన కేకులను, రొట్టెలను, పిండివంటలను జ్ఞాపకము చేసికొని, ఆ విధానములను కాగితములమీద వ్రాసి పుస్తకముగ కుట్టినారు. వారిలో మీనా పెఖ్టర్ అను వృద్ధురాలు 1944లో అచటనే కన్నుమూసినది. పోవుటకు ముందు ఆ పుస్తకమును ఒక మిత్రునికిచ్చి తన కూతురికి చేర్చుమని కోరినది. అది చేతులు మారి మారి, ఇంచుమించు పాతికేండ్లకు న్యూయార్కు నగరమున ఉన్న కూతురి ఇంటికి చేరినది. 1996లో ఇంగ్లీషున అచ్చయినది. అందు కొన్ని విధానములలో ఒకటి రెండు వస్తువులు తప్పిపోయినవి, కొన్నింట నడిమి పని ఒకటి లోపించినది. ఆకలివలన జ్ఞాపకము తడబడినదేమో, చెప్పనక్కరలేదనుకొనిరేమో. మన తల్లుల పుటలలోని లోపములకు ఆకలి కారణము కాదు. ఎదుటనున్న కూతురికి ఇది తెలిసినదే కదా యను నమ్మకము కారణము.

మా ప్రయత్నమునకు వత్తును. అక్క పొయ్యి యెదుట కూర్చున్నది. నేను కళ్ళజోడు పెట్టుకొని పుస్తకము పట్టుకొంటిని. ప్రక్కన ఒక గిన్నెలో నీళ్ళు పెట్టితిని. బెల్లము పొంగి బుడగలు చిన్నవి కాజొచ్చినవి. అక్క గరిటెతో ఒక చుక్క నీళ్ళలో వేసినది. కరిగిపోయినది. మరల వేసినది. జారిపోయినది. నాలుగైదు మారులు అట్లే. “ఇంకా రాలేదురా” అన్నది. తుదకు ఉండ కట్టినది. పిండి పోసితిమి. తెడ్డు తిరుగలేదు. చూచుచుండగనే చలిమిడి బిగిసిపోయినది. ఎట్లో తట్టి వేయించితిమి. పళ్ళెములో వేసిన గణగణ మ్రోగినవి. మేనల్లుడు, “మామయ్యా, గోడకు మేకు కొట్టవచ్చు వీటితో” అన్నాడు. అక్క నవ్వలేదు. వానినే ఆకులో అమ్మకు పెట్టినది.

మరునాడు కనుమ. మా పిన్ని వచ్చినది. ఆమెకు ఎనుబది మూడేండ్లు. మా అమ్మ ప్రక్కన నలుబది సంవత్సరములు అరిసెలు నొక్కినది ఆమెయే. అరిసెను చేతికిచ్చితిమి. కొరుకుటకు ఆమెకు పండ్లు లేవు. గోటితో కొట్టి చూచి, “నీళ్ళెవరు మార్చారు?” అన్నది.

“మార్చడమేమిటి పిన్నీ?”

“అదేమిట్రా! మీ అమ్మ అరిసెలకు కూర్చుంటే పక్కన నిన్నేగా కూర్చోబెట్టేది. చుక్క వేసినప్పుడల్లా నువ్వు నీళ్ళు పారబోసి నూతి నీళ్ళు పట్టుకొచ్చేవాడివి. పాకం సంగతి నాకు తెలియదమ్మా, నేను నొక్కేదాన్నే. కానీ నీళ్ళు మారడం మాత్రం రోజూ చూశాను.”

అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఇత్తడి గిన్నె, నూతి చప్టా, తడిసిన నిక్కరు. గిన్నె అడుగున మిగిలిన బెల్లపు ముద్ద నాది. దానికి ఆశపడి పరుగెత్తెడివాడను. అల్లరి పిల్లవానిని ఊరకుండనీయక అమ్మ ఏదో పని కల్పించినదని నేను ఏబదియేండ్లు అనుకొంటిని. అది కల్పించిన పని కాదు.

పాకములో నీరు ఇగురుకొలది దాని వేడి పెరుగును. చల్లని నీటిలో మెత్తని ఉండ కట్టు దశ సుమారు 112 నుండి 116 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ వచ్చును. నాలుగు డిగ్రీల వ్యవధి. పొయ్యిమీద అది ఎంతసేపు నిలుచును? గిన్నెలోని నీరు మొదటి చుక్కలకే వెచ్చబడి తీపెక్కినచో, కుదిరిన పాకమును కుదురనట్లే చూపును. అక్క కన్ను తప్పు చూడలేదు. నేను పెట్టిన నీళ్ళే అబద్ధమాడినవి.

ఇందుకే ఈ సంపాదకీయము. ‘అమ్మ వంట అమ్మతోనే పోయినది’ అని మనము సభలలోను కథలలోను వ్రాయుచుందుము. అది పూర్తిగా నిజము కాదు. మా ఇంట పిండి తడి అక్క చేతికి తెలియును, నొక్కవలసిన బరువు పిన్ని చేతికి తెలియును, నీళ్ళు మార్చు పని నాకు తెలియును, తెలియునని నాకే తెలియదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకొని వేరైనట్లు ఈ విద్యయు ముక్కలై, ఒక ముక్క విజయవాడలో, ఒక ముక్క హైదరాబాదులో, ఒక ముక్క అమెరికాలో పడియుండును. తిథినాడు కలిసికొని, పురోహితునికి దక్షిణ ఇచ్చి, భోజనము చేసి, సాయంకాలపు బండికి వెళ్ళిపోవు కుటుంబములలో ఆ ముక్కలు అతుకుకొనవు. పటమునకు దండ వేయుటకు ఒకరు చాలుదురు. పొయ్యి యెదుట నలుగురు కూర్చున్నపుడు, “కాదే, అమ్మ ఇలా చేసేది కాదు” అను మొదటి తగవు పుట్టును. ఆ తగవులోనే నాకు మా అమ్మ గొంతు వినబడినది.

మిత్రులొకరు, మగవాడు వంటింట కూర్చున్నంత మాత్రమున ఆడవారి భారము తగ్గునా యని ఆక్షేపించినారు. తగ్గదు, తగ్గవలెనన్నచో పండుగనాడు మాత్రమే కూర్చుండిన చాలదు. ఆ మాట నిజము. నేను పొయ్యి యెదుట కూర్చుండుట నేర్చినది అమ్మ పోయిన పిమ్మట అనునదియు నిజము. ఆమె ఉన్నపుడు నేను నీళ్ళ గిన్నె విడిచి అరుగుమీదకు వెళ్ళినది పదునొకండవ యేట. ‘పెద్దవాడివయ్యావు, బయటికి వెళ్ళు’ అన్నది నాయనమ్మ. ఆ పిమ్మట అమ్మకు నీళ్ళెవరు మార్చినారో నేనెన్నడును అడుగలేదు.

మొన్నటి సంక్రాంతికి మరల మూకుడు పెట్టితిమి. పిన్ని కుర్చీలో కూర్చుండి చెక్కలు ఒడిలో పెట్టుకొన్నది. నొక్కుటకు బలము లేదు, “ఊఁ, ఇంకొంచెం” అని చెప్పుచుండెను. అక్క మనుమరాలికి ఏడేండ్లు. ఇత్తడి గిన్నె దానికిచ్చితిమి. నుయ్యి ఎప్పుడో పూడ్చినారు, కుళాయివద్దకు పరుగెత్తినది. మొదటి వాయి కొంచెము మెత్తబడి అంచులు చిట్లినవి. రెండవది కుదిరినది. అమ్మ అరిసెలా యన్నచో, అక్క కాదన్నది, పిన్ని దగ్గర దగ్గరగా ఉన్నవన్నది.

“తాతయ్యా, ఎన్నిసార్లు మార్చాలి నీళ్ళు?” అని పిల్ల అడిగినది.

నేను అక్కవంక చూచితిని. అక్క పాకమువంక చూచుచున్నది. “చుక్క పడినప్పుడల్లా” అన్నది. పిల్ల గిన్నె అడుగున ముద్దను వేలితో తీసి నోట వేసికొని, తడికాళ్ళతో మరల కుళాయివద్దకు పోయినది.