బొమ్మ ఒకటే, క్లాసులు రెండెందుకు?

డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్‌తో పని మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ మొదటి వారంలోనే విసుక్కునే విషయం ఒకటుంది. బొమ్మ ఒక్కటే కదా, దానికి డబ్ల్యూఎక్స్‌ఇమేజ్ అని ఒక క్లాసూ, డబ్ల్యూఎక్స్‌బిట్‌మ్యాప్ అని ఇంకో క్లాసూ ఎందుకు? ఫైలు చదవాలంటే ఇది, తెరమీద గీయాలంటే అది, మధ్యలో మార్పిడి. డాట్‌నెట్ నుంచి వచ్చినవాళ్ళయితే మరీను. "అక్కడ ఒక్క బిట్‌మ్యాప్ క్లాసుతో పనంతా జరిగిపోయేది, వీళ్ళకి డిజైన్ చెయ్యడం రాదు" అని తేల్చేస్తారు.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. ఆ టూల్‌కిట్ మీద నాకూ చాలా ఫిర్యాదులున్నాయి, కొన్ని కిందే చెప్తాను. కానీ ఈ రెండు క్లాసులు విడిగా ఉండటం మాత్రం వాళ్ళు చేసిన మంచి పనుల్లో ఒకటని నా గట్టి నమ్మకం. (ప్రతిసారీ ముందు డబ్ల్యూఎక్స్ తగిలించే ఓపిక నాకు లేదు. ఇక నుంచి ఉత్త ఇమేజ్, బిట్‌మ్యాప్ అంటాను.)

ఈ టూల్‌కిట్‌ని 1992లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టాడు. 2004 దాకా దీని పేరు డబ్ల్యూఎక్స్‌విండోస్. విండోస్ అన్న మాట మీద మైక్రోసాఫ్ట్‌కి అభ్యంతరం రావడంతో విడ్జెట్స్ అయింది. మొదటినుంచీ దీని పద్ధతి ఏంటంటే, బటన్ కావాలంటే తను గీయదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి తెస్తుంది. విండోస్‌లో విండోస్ బటన్, లినక్స్‌లో జీటీకే బటన్, మ్యాక్‌లో కోకో బటన్. బిట్‌మ్యాప్ కూడా అంతే. విండోస్‌లో అది జీడీఐ ఇచ్చిన ఒక హ్యాండిల్, జీటీకేలో పిక్స్‌బఫ్ గానీ కయిరో సర్ఫేస్ గానీ, మ్యాక్‌లో ఇంకోటి. ఇమేజ్ మాత్రం టూల్‌కిట్ సొంత సరుకు. పిక్సెల్‌కి మూడు బైట్లు, ఎరుపు ఆకుపచ్చ నీలం అదే వరసలో, పైనుంచి కిందికి. పారదర్శకత ఉంటే దానికి వేరే ఎర్రే. ఏ మెషీన్‌లో చూసినా ఇంతే.

మరి రెంటినీ కలిపేస్తే పోయేదేముంది? తెర దగ్గరికి వెళ్ళేసరికి ఎవరి అలవాట్లు వాళ్ళవి. విండోస్ డిబ్‌లో రంగుల వరస తిరగేసి ఉంటుంది, నీలం ముందు, ఎరుపు చివర. మామూలుగా బొమ్మ కింది వరసే మెమరీలో మొదట ఉంటుంది. ప్రతి వరసా నాలుగు బైట్ల లెక్కకి సరిపోవాలి, లేకపోతే చివర్న ఖాళీ బైట్లు వేస్తారు. ఈ ఖాళీ బైట్లని మర్చిపోయిన కోడు వెడల్పు 100 ఉన్న బొమ్మ మీద చక్కగా పనిచేస్తుంది, 101 ఉన్న బొమ్మని పీసా గోపురంలా వంచేస్తుంది. ఇక పారదర్శకత సంగతి. సగం పారదర్శకమైన ఎరుపుని ఇమేజ్‌లో 255, 0, 0, 128 అని దాస్తారు. విండోస్ ఆల్ఫాబ్లెండ్‌కి, కయిరోకి అలా ఇస్తే కుదరదు. రంగుని ముందే పారదర్శకతతో గుణించి 128, 0, 0, 128 అని ఇవ్వాలి. ఐకాన్ల అంచుల చుట్టూ తెల్లటి గీతలు కనిపిస్తే చాలాసార్లు కారణం ఈ గుణింతం చెయ్యకపోవడమో, రెండుసార్లు చెయ్యడమో అయ్యుంటుంది.

ఇమేజ్ నుంచి బిట్‌మ్యాప్ చేసినప్పుడు జరిగేది ఈ పనంతా. నన్నడిగితే ఇమేజ్ బియ్యం, బిట్‌మ్యాప్ అన్నం. నిలవ చెయ్యాలన్నా, ఇంకో ఊరు పంపాలన్నా బియ్యమే. వడ్డించాలంటే అన్నమే. అన్నాన్ని మళ్ళీ బియ్యం చెయ్యలేం, ఇక్కడ కన్వర్ట్‌టుఇమేజ్ అని ఒకటుంది కాబట్టి చెయ్యొచ్చు, పోలిక అంతవరకే. కానీ వండటానికి టైము పడుతుందనేది మాత్రం రెండు చోట్లా నిజం. ఈ రెంటినీ ఒకే డబ్బాలో దాచి, పైన ఒకే లేబుల్ వేస్తే వంట ఎప్పుడు జరుగుతోందో వాడేవాడికి తెలియదు. పేర్లు విడిగా ఉంటే, కనీసం కోడులో మార్పిడి జరిగే లైను కంటికి కనిపిస్తుంది.

కనిపించినా చూడనివాళ్ళుంటారనుకోండి. కొన్నేళ్ళ క్రితం స్కాన్ చేసిన దస్తావేజులు చూపించే అప్లికేషన్ ఒకటి "చాలా స్లోగా ఉంది, కాస్త చూడండి" అని నా దగ్గరికి వచ్చింది. క్లయింట్ పేరు అనవసరం. వాళ్ళ ఆఫీసుల్లో రోజంతా దానిమీదే కూర్చుని దస్తావేజులు సరిచూసే గుమాస్తాలున్నారు. పేజీ జరపాలని చక్రం తిప్పితే, తెర కదలడానికి వాళ్ళు ఆగాలి. రోజుకి వందల సార్లు. కోడు తెరిస్తే ఆన్‌పెయింట్ లోపల మూడు లైన్లు: ఇమేజ్‌ని కుదించు, బిట్‌మ్యాప్ చెయ్యి, గీయి. అంటే ముద్ద ముద్దకీ కొత్తగా ఎసరు పెట్టడం! రాసిన కుర్రాణ్ణి అడిగితే "అన్నా, నా మెషీన్లో బానే వస్తోందే" అన్నాడు. అతని మెషీన్ అంత మంచిది, అతను పరీక్షించిన ఫైలు అంత చిన్నది.

లెక్క వేసి చూడండి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు, దాదాపు 87 లక్షల పిక్సెళ్ళు. ఇమేజ్‌లో పెడితే 26 ఎంబీ. దాన్ని అలాగే 32 బిట్ల బిట్‌మ్యాప్ చేస్తే ఇంకో 35 ఎంబీ. కానీ కిటికీలో కనిపించే పేజీ మహా అయితే 850 అడ్డం, 1200 నిలువు. దాని బిట్‌మ్యాప్ 4 ఎంబీ. కిటికీ సైజు మారినప్పుడో, జూమ్ చేసినప్పుడో ఒక్కసారి కుదించి ఆ 4 ఎంబీల బిట్‌మ్యాప్‌ని దగ్గర పెట్టుకుంటే, ఆన్‌పెయింట్‌కి మిగిలేది ఒక్క డ్రాబిట్‌మ్యాప్. చేసిన మార్పు ఇంతే, ఒక పూట పని. స్లో అన్న ఫిర్యాదు అంతటితో పోయింది.

మెమరీ గొడవ మాత్రం అంత తేలిగ్గా పోలేదు, ఇక్కడ తప్పు టూల్‌కిట్‌దే. ఆ స్కాన్లన్నీ నలుపు తెలుపులే. పిక్సెల్‌కి ఒక్క బిట్ చాలు, విప్పి పరిచినా పేజీకి 1.1 ఎంబీ లోపే. కానీ ఇమేజ్ క్లాసుకి మూడు బైట్ల లెక్క తప్ప వేరే లెక్క రాదు. 1 బిట్ ఫైలు చదివినా 24 బిట్లకి ఉబ్బిస్తుంది. ఆ అప్లికేషన్ ఫైలు తెరవగానే పేజీలన్నీ చదివేసేది. 80 పేజీల దస్తావేజు అంటే 2 జీబీ దాటిపోయింది, 32 బిట్ ప్రోగ్రాముకి విండోస్ మామూలుగా ఇచ్చేదే 2 జీబీ. క్యూట్ వాళ్ళ క్యూఇమేజ్ చూడండి, 1 బిట్, 8 బిట్ల గ్రే, 16 బిట్లు, ఇలా రకరకాల అమరికలున్నాయి. ముప్పై ఏళ్ళు దాటిన టూల్‌కిట్‌లో ఇంకా ఇది లేకపోవడం నాకు మింగుడు పడదు. చివరికి కనిపించే పేజీ, దాని ముందూ వెనకా ఒక్కోటి, అంతే చదివేలా మార్చాం.

క్యూట్ మాట వచ్చింది కాబట్టి. అక్కడా రెండున్నాయి, క్యూఇమేజ్, క్యూపిక్స్‌మ్యాప్. పాత ఎక్స్11 రోజుల్లో తేడా చాలా పెద్దది, పిక్స్‌మ్యాప్ ఎక్స్ సర్వర్ దగ్గర, ఇమేజ్ మన ప్రోగ్రాము దగ్గర ఉండేవి. 2012లో క్యూట్ 5 వచ్చాక, మామూలు డెస్క్‌టాప్‌లో పిక్స్‌మ్యాప్ లోపల ఉండేది చాలావరకు ఇమేజే. "చూశావా, రెండూ ఒకటే అయిపోయాయి, నీ వాదన తప్పు" అని నాతో వాదించినవాళ్ళున్నారు. పిక్స్‌మ్యాప్‌ని మెయిన్ థ్రెడ్‌లోనే వాడాలి, ఇమేజ్‌ని ఏ థ్రెడ్‌లోనైనా చదవొచ్చు అన్న నియమం మాత్రం అలాగే ఉంది కదా! లోపలి అమరికని వాళ్ళు పూర్తిగా మార్చగలిగారంటే పైన పేర్లు విడిగా ఉండబట్టే.

థ్రెడ్ల సంగతి డబ్ల్యూఎక్స్‌లోనూ ఇంతే. ఫైలు చదవడం, కుదించడం వెనక థ్రెడ్‌లో ఇమేజ్‌తో కానిచ్చి, బిట్‌మ్యాప్ చెయ్యడం మెయిన్ థ్రెడ్‌కి వదలాలి. ఒక మెలిక ఉంది. ఇమేజ్‌ని ఇంకో వేరియబుల్‌కి ఇస్తే కాపీ అవదు, ఇద్దరూ ఒకే డేటాని పంచుకుంటారు, ఆ లెక్కపెట్టే కౌంటరు థ్రెడ్లకి తట్టుకునేది కాదు. అప్పగించే ముందు కాపీ ఫంక్షన్ పిలవండి. అలాగే వేల కొద్దీ థంబ్‌నెయిళ్ళకి తలో బిట్‌మ్యాప్ చేసి పెట్టుకోకండి. విండోస్‌లో ఒక ప్రాసెస్‌కి మామూలుగా దొరికే జీడీఐ హ్యాండిళ్ళు 10,000. అవి అయిపోయాక బొమ్మలే కాదు, మెనూలూ బటన్లూ కూడా గీయడం మానేస్తాయి, అప్పుడు తప్పు ఎక్కడుందో కనిపెట్టడం నరకం.

ఇన్నాళ్ళూ సాగిన ఈ రెండు క్లాసుల పద్ధతికి అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. తెరల సాంద్రత పెరిగింది. 16 పిక్సెళ్ళ టూల్‌బార్ ఐకాన్‌కి 200 శాతం తెర మీద 32 కావాలి, 150 శాతం మీద 24. ఒకే ప్రోగ్రాము కిటికీని ల్యాప్‌టాప్ తెర నుంచి పక్కనున్న మానిటర్‌కి లాగితే, లాగిన క్షణంలో సైజు మారిపోవాలి. "బొమ్మ అంటే ఇన్ని పిక్సెళ్ళు" అన్న మాటకే అర్థం పోయింది. అందుకని 2022లో వచ్చిన 3.1.6లో డబ్ల్యూఎక్స్‌బిట్‌మ్యాప్‌బండిల్ పెట్టారు. ఒకే ఐకాన్‌ని నాలుగైదు సైజుల్లో కట్టగట్టి ఇవ్వొచ్చు, లేదా ఒక్క ఎస్‌వీజీ ఇవ్వొచ్చు. ఏ తెరకి ఏది కావాలో అదే ఎంచుకుంటుంది. ఇక మూడో క్లాసు కూడానా అని మనవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు :-) నాకైతే ఇది కూడా సబబుగానే ఉంది. పాత కోడులో టూల్‌బార్‌కి బిట్‌మ్యాప్ ఇచ్చిన చోట బండిల్ తీసుకునేలా మార్చారు, బిట్‌మ్యాప్ ఇచ్చినా దానంతటదే బండిల్ అవుతుంది. పాతవాళ్ళ కడుపు కొట్టకుండా కొత్తది తేవడం అందరికీ చేతకాదు.

ఎస్‌వీజీలో మన తెలుగువాళ్ళకి పనికొచ్చే చిక్కు ఒకటుంది. టూల్‌కిట్ లోపల వాడే నానోఎస్‌వీజీ లైబ్రరీకి అక్షరాలు రావు. ఎస్‌వీజీలో టెక్స్ట్ ఉంటే అసలు గీయదు. డిజైనర్లు దీనికి విరుగుడుగా అక్షరాలను గీతలుగా మార్చి పంపుతారు. అంటే బోల్డ్ బటన్ మీద ఉన్న ఇంగ్లీషు అక్షరం ఇక అక్షరం కాదు, బొమ్మ. మెనూలన్నీ ఓపిగ్గా తెలుగు చేసినవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. అన్ని మెనూలూ తెలుగులో ఉండి టూల్‌బార్ మాత్రం ఇంగ్లీషులో మిగిలిపోయిన సాఫ్ట్‌వేర్లు మీరూ చూసే ఉంటారు.

అక్షరం ఉన్న ఐకాన్లకి ఎస్‌వీజీ వదిలేసి, ప్రోగ్రాము నడుస్తున్నప్పుడే మెమరీడీసీతో బిట్‌మ్యాప్ మీద రాయించండి. అప్పుడు అక్షరాల కూర్పు విండోస్‌లో విండోస్, లినక్స్‌లో పాంగో, మ్యాక్‌లో కోర్‌టెక్స్ట్ చూసుకుంటాయి, వత్తులూ గుణింతాలూ మీరు పట్టించుకోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, ఇంగ్లీషు అక్షరానికి సరిపోయిన ఎత్తు మనకి సరిపోదు. గెట్‌టెక్స్ట్‌ఎక్స్‌టెంట్‌తో ముందు కొలిచి, ఆ తర్వాతే అక్షరం సైజు గానీ బిట్‌మ్యాప్ సైజు గానీ నిర్ణయించండి. కొలవకుండా 16 పిక్సెళ్ళ డబ్బాలో 'స్త్రీ' అని రాయించి చూడండి, కింద వత్తులు రెండూ ఎక్కడికి పోయాయో వెతుక్కోవాలి.