బొర్రాలో మనకి తిండి దొరకదా?

విశాఖలో కిరండూల్ రైలెక్కి బొర్రా గుహలు చూసొచ్చిన ప్రతి ఖాందాన్‌దీ ఒకటే షికాయత్: "అక్కడ మనం తినేదేం లేదు భాయ్, మనవాళ్ల హోటల్ ఒక్కటైనా పడాలి." ఈ మాట మీదే నాకు ఏతరాజ్.

మొదటిది, అది మన జాగా కాదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చింది. ఈ అనంతగిరి కొండల్లో, బొర్రా చుట్టూ ఇచ్చిన గనుల లీజుల మీద కొట్లాడితేనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. ఆ హక్కుని మన బిర్యానీ కోసం పక్కకి జరగమంటామా? హక్కు అనే మాటే మన 'హఖ్' నుంచి వచ్చింది కదా!

రెండోది, హలాల్ అంటే గోడ మీద బోర్డు కాదు, జిబహ్. బొంగులో చికెన్‌కి నూనె చుక్క అక్కర్లేదు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురుబొంగులో కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు. మన పేచీ కోసిన చేతితోనే కదా? బతికున్న నాటుకోడిని కొనండి, బిస్మిల్లా చెప్పి మీరే కోయండి, వండినవాళ్లకి మజూరీ ఇవ్వండి. కుదరని రోజున రాగి అంబలి, కాల్చిన మొక్కజొన్న, అరకు కాఫీ ఉన్నాయి. వాటికి ఏ ఫత్వా కావాలి?

ఇంటి నుంచి బిర్యానీ దేగిసా మోసుకెళ్లి, ప్లేట్లు గుహ ముందు పారేసి, "ఏమీ దొరకదు" అనడం పర్హేజ్ కాదు, బద్ధకం. మెహమాన్‌గా వెళ్లినవాడు మేజ్బాన్‌కి సలాం చేసి అడగాలి. అడగని నోటికి రిజ్క్ ఎలా దొరుకుతుంది?