ఫార్మాట్ కొడితే స్పీకర్ పలకదు

"లైనక్స్ వేశారా? ఇంక సౌండ్ మీద ఆశ వదులుకోండి." రిపేరు షాపుల్లో, కాలేజీ ల్యాబుల్లో, కంప్యూటర్ తెలుసనుకునే బంధువుల నోట ఈ మాట ఏళ్ళుగా వింటున్నాను. దాని వెంటే మందు కూడా వచ్చేస్తుంది: ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించండి, లేదంటే ఫార్మాట్ కొట్టి మళ్ళీ లైనక్సే ఎక్కించి చూడండి. రోగం పేరే తప్పు, మందు అంతకన్నా తప్పు. ఈ మాట నమ్మి మంచి లాప్‌టాప్‌ను మూలన పడేసినవాళ్ళు నాకు తెలుసు. ఏళ్ళనాటి ఫైళ్ళు పోగొట్టుకున్నవాళ్ళూ తెలుసు. అందుకే దీన్ని ఖండించడానికి పూనుకున్నాను.

మా అక్క కూతురి సంగతే చెబుతాను. డిగ్రీ చదువుతోంది. ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ కొనుక్కుని అందులో డెబియన్ 11 అనే లైనక్స్ వేయించుకుంది. వైఫై సంగతి ఎవరో స్నేహితురాలు సరిచేసింది గానీ స్పీకర్ మాత్రం మొదటి రోజు నుంచీ మూగే. ఇయర్‌ఫోన్ పెట్టినా అంతే. కొన్నాళ్ళు బ్లూటూత్ స్పీకర్‌తో నెట్టుకొచ్చి, చివరికి ఒక షాపుకు తీసుకెళ్ళింది. వాళ్ళు ఫార్మాట్ కొట్టి అదే ఓఎస్ మళ్ళీ వేశారు. రెండు సెమిస్టర్ల ప్రాక్టికల్ రికార్డులు పోయాయి. సౌండ్ రాలేదు. అప్పుడు, "బోర్డు పోయినట్టుంది, మార్చాలి" అన్నారు. "మామయ్యా, మార్పించేయమంటావా?" అని ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది.

లాప్‌టాప్ తెప్పించుకుని ముందు సెట్టింగ్స్‌లో సౌండ్ పేజీ తెరిచాను. అవుట్‌పుట్ దగ్గర ఒకే ఒక్క పేరు ఉంది: డమ్మీ అవుట్‌పుట్. అసలు సౌండ్ కార్డే కనబడనప్పుడు, ప్రోగ్రాములు ఆగిపోకుండా సౌండ్ సర్వర్ నిలబెట్టే ఉత్తుత్తి పరికరం అది. అంటే వాల్యూమ్ పెంచినా తగ్గించినా ఉపయోగం లేదు. తరవాత కర్నెల్ సందేశాలు తీసి అందులో సౌండ్ ఫర్మ్‌వేర్ పేరైన 'ఎస్ఓఎఫ్' కోసం వెతికాను. సంగతి అక్కడ సూటిగా రాసి ఉంది: ఎస్ఓఎఫ్-టీజీఎల్ అనే ఫర్మ్‌వేర్ ఫైలును ఎక్కించబోతే కుదరలేదు, ఎర్రర్ మైనస్ 2. కర్నెల్ లెక్కలో మైనస్ 2 అంటే 'అలాంటి ఫైలు లేదు' అని. బోర్డు పోలేదు. ఒక ఫైలు లేదు, అంతే.

అప్పటికి డెబియన్ 12 ఇంకా రాలేదు. డెబియన్ 11 మామూలు ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. అది నాన్-ఫ్రీ విభాగంలో విడిగా ఉండేది, అడిగి తెచ్చుకోవాలి. ఆ విభాగాన్ని జతచేసి, 'ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్' అనే ప్యాకేజీ వేసి, రీస్టార్ట్ చేశాం. లాగిన్ తెర రాకముందే ఆ పిల్ల వాల్యూమ్ మీటలు నొక్కుతూ కూర్చుంది. టిక్కు, టిక్కుమని స్పీకర్ పలికింది. ఫార్మాట్ వంద సార్లు కొట్టినా అదే ఇన్‌స్టాలర్ వాడినంత కాలం ఆ ఫైలు వచ్చేది కాదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఈ పద్ధతి మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్ ఫర్మ్‌వేర్‌ను వెంటబెట్టుకునే వస్తోంది.

'లైనక్స్‌లో సౌండ్ రాదు' అనేది రోగనిర్ధారణ కాదు. చివరి పొలానికి నీళ్ళు రాలేదంటే రైతు కాలువ వెంట నడిచి ఏ తూము మూసుకుపోయిందో చూస్తాడు, కాలువనే పూడ్చేయడు. శబ్దం కూడా అలాంటి కాలువే. పాట పాడే ప్రోగ్రాం నుంచి పైప్‌వైర్ లేదా పల్స్ఆడియో అనే సౌండ్ సర్వర్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి కర్నెల్‌లోని సౌండ్ డ్రైవర్ల వ్యవస్థ ఆల్సాకు, దాని నుంచి బోర్డు మీది కోడెక్ చిప్‌కు, దాన్నుంచి ఆంప్లిఫయర్‌కు, ఆఖరున స్పీకర్‌కు. ఎక్కడ ఆగిందో చెప్పకుండా మందు చెప్పేవాడిది వైద్యం కాదు.

ఈ చెడ్డపేరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, అదీ చెప్పాలి. ఆల్సా పనిని 1998లో యారోస్లావ్ కిసెలా మొదలుపెట్టాడు. 2003 చివర వచ్చిన 2.6 కర్నెల్‌తో అది అందరికీ చేరింది. అంతకు ముందు చాలా కార్డులకు ఒక ప్రోగ్రాం పట్టుకుంటే రెండోదానికి దొరక్కపోయేది. తరవాత లెనార్ట్ పోటరింగ్ రాసిన పల్స్ఆడియోను 2008లో ఉబుంటు 8.04 తనలో పెట్టుకుంది. ఆ మొదటి రోజుల్లో అది నిజంగానే ఏడిపించింది. డ్రైవర్లలో దాగిన లోపాలు చాలా దానివల్లే బయటపడ్డాయి. "పల్స్ఆడియో పీకేయ్, అంతా సర్దుకుంటుంది" అనే సలహా అప్పుడు పుట్టింది. అప్పట్లో కొందరికి పనిచేసింది కూడా. ఆ తరవాత విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ వచ్చింది. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 దానికి మారిపోయాయి. ఇవాళ్టి మెషీన్‌కు 2008 నాటి చీటీ రాయడం ఏం న్యాయం? పైగా పల్స్ఆడియో ప్యాకేజీని తీసేయమంటే, దాని మీద ఆధారపడ్డ డెస్క్‌టాప్ భాగాలు కూడా దాని వెంట పోవచ్చు. సౌండ్ లేదని వచ్చినవాడు చివరికి సెట్టింగ్స్ పేజీ కూడా లేకుండా ఇంటికి వెళ్తాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే ఇది.

లైనక్స్‌కు శబ్దం చేతకాదనేవారు తమ జేబులోంచి ఫోన్ తీసి చూసుకోవాలి. ఆండ్రాయిడ్ కింద ఉన్నది లైనక్స్ కర్నెలే, అందులో శబ్దాన్ని నడిపేది ఆల్సా డ్రైవర్లే. ఫోన్ తయారుచేసినవాడు తన చిప్ వివరాలు డ్రైవర్‌కు ఇచ్చాడు కాబట్టి అది పలుకుతోంది. లాప్‌టాప్ దగ్గర తేడా వస్తున్నది ఇక్కడే.

కోడెక్ చిప్‌కు చాలా పిన్నులుంటాయి. లోపలి స్పీకర్ ఏ పిన్నుకు కలిపారు, ఇయర్‌ఫోన్ జాక్ ఏ పిన్నుకు కలిపారు అన్నది తయారీదారు బయాస్‌లో రాసిపెట్టాలి. కొందరు తప్పు రాస్తారు, కొందరు సగం రాస్తారు. తమ విండోస్ డ్రైవర్ ఆ తప్పును సర్దుకుంటుంది కాబట్టి వాళ్ళకు లోటు తెలియదు. లైనక్స్ దగ్గర మాత్రం ఎవరో ఒకరు ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని, ఏ పిన్ను దేనిదో కనిపెట్టి, ఆ మోడల్ నంబరుతో ఒక వరుస రాయాలి. రియల్‌టెక్ చిప్‌ల డ్రైవర్‌లో అలాంటి వరుసలు వందలున్నాయి. సూసేలో పనిచేసే తకాషీ ఇవాయ్ ఏళ్ళ తరబడి ఆ సవరణలను చూసి, సరిదిద్ది కర్నెల్‌లో చేరుస్తున్నాడు. ప్రతి వరుస వెనకా మాట రాని లాప్‌టాప్ ఒకటి, దాని యజమాని ఓపికగా పంపిన వివరాలూ ఉన్నాయి. ఇంత పని జరిగాక 'లైనక్స్‌లో రాదు' అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. కొత్త లాప్‌టాప్‌లు కొన్నింటిలో సౌండ్ నిజంగానే రాదు, ఏ సెట్టింగ్ మార్చినా రాదు. స్పీకర్ పక్కనే సిరస్ లాజిక్ సీఎస్35ఎల్41 లాంటి స్మార్ట్ ఆంప్లిఫయర్లు పెడుతున్న మోడళ్ళు అవి. ఇయర్‌ఫోన్‌లో శుభ్రంగా వినిపిస్తుంది, స్పీకర్ మాత్రం పలకదు, పలికినా పీలగా పలుకుతుంది. ఆ ఆంప్లిఫయర్‌ను ఎలా నిద్ర లేపాలో చెప్పే వివరాలు బయాస్ పట్టికల్లో ఉండాలి. కొందరు తయారీదారులు వాటిని పెట్టకుండానే అమ్మారు. చివరికి కర్నెల్‌లోనే ఒక్కో మోడల్‌కు ఆ వివరాలు రాసుకుంటూ రావలసి వచ్చింది. మీ మోడల్ ఆ కోవలోది అయితే కొత్త కర్నెల్, కొత్త ఫర్మ్‌వేర్ తప్ప వేరే దారి లేదు. కానీ ఇక్కడ తప్పెవరిది? వస్తువు అమ్మి దాని వివరం దాచుకున్నవాడిది. కొన్నవాడిదీ కాదు, ఆ వివరం వెతికి పెట్టినవాడిదీ కాదు.

ఇంకో సలహా కూడా విరివిగా తిరుగుతోంది: ఇంటెల్ డ్రైవర్‌కు 'డీఎస్పీ డ్రైవర్ ఈక్వల్స్ 1' అని పెట్టెయ్. దాని అర్థం, శబ్దం పని చూసే డీఎస్పీ అనే ప్రత్యేక ప్రాసెసర్‌ను పక్కనబెట్టి పాత పద్ధతిలో నడుపు అని. కొన్ని మెషీన్లలో స్పీకర్ వెంటనే పలుకుతుంది, చెప్పినవాడికి పేరొస్తుంది. వారం తరవాత ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కూర్చుంటే మైకు పనిచేయదు. చాలా కొత్త లాప్‌టాప్‌లలో లోపలి డిజిటల్ మైకు ఆ డీఎస్పీకే కలిపి ఉంటుంది మరి. కారణం తెలిసి, మైకు పోయినా ఫరవాలేదనుకుంటే అలా పెట్టుకోవచ్చు. అందరికీ ఒకే మాత్ర మింగించడాన్నే నేను తప్పంటున్నాను.

వాల్యూమ్‌ను వంద దాటించు, కనబడిన ప్రతి మీటా పైకి తొయ్యి అనేవాళ్ళకు ఒక్క విషయం చెప్పాలి. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌బుక్‌ల మీదికి లైనక్స్ తెచ్చిన అసాహీ బృందం, డ్రైవర్ సిద్ధమయ్యాక కూడా స్పీకర్లను కావాలనే ఆపి ఉంచింది. ఆ ఆంప్లిఫయర్ల బలానికి స్పీకర్ తీగచుట్ట వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. చుట్ట ఎంత వేడెక్కుతోందో లెక్కగట్టి శబ్దం తగ్గించే కాపలా ప్రోగ్రాం రాసుకున్నాకే స్పీకర్లను వదిలారు. అంత జాగ్రత్త తీసుకున్నవాళ్ళున్న చోట మనం ఊరికే మీటలు తోసుకుంటూ పోకూడదు.

ఇవన్నీ పెద్ద జబ్బులు. రోజూ ఎదురయ్యేవి చాలావరకు చిన్నవి. సౌండ్ పేజీలో కార్డు పేరు కనబడుతూ, పాట వేస్తే గీత ఎగురుతూ, చెవికి మాత్రం ఏమీ వినబడకపోతే ముందు అవుట్‌పుట్ ఎటు పోతోందో చూడండి. అది హెచ్‌డీఎంఐ వైపు తిరిగి ఉంటే శబ్దం లేని టీవీకి వెళ్తోందన్నమాట. తరవాత టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6తో అసలు కార్డును ఎంచుకోండి. స్పీకర్ గడి కింద రెండు 'ఎం'లు కనబడితే అది నోరు కట్టేసి ఉన్నట్టు, 'ఎం' నొక్కితే అవి రెండు సున్నాలుగా మారతాయి. పైన డెస్క్‌టాప్‌లో వాల్యూమ్ నిండుగా కనబడుతున్నా కింద ఈ గడి మూసి ఉండొచ్చు. అక్కడే 'ఆటో మ్యూట్' అని ఇంకొకటి ఉంటుంది. జాక్‌లో దుమ్ము చేరో, లోపలి స్ప్రింగు వంగో ఇయర్‌ఫోన్ పెట్టే ఉందని మెషీన్ భ్రమపడితే స్పీకర్‌ను అదే ఆపేస్తుంది. పిన్ను నాలుగుసార్లు పెట్టి తీసి చూడండి, కాకపోతే ఆ ఆటో మ్యూట్ తీసేయండి. గోటితో పోయేదానికి గొడ్డలి తేనక్కర్లేదు. పక్కనే విండోస్ కూడా ఉంటే, అందులో ఫాస్ట్ స్టార్టప్ ఆపి పూర్తిగా షట్‌డౌన్ చేసి చూడండి. కొన్ని మోడళ్ళలో విండోస్ సౌండ్ చిప్‌ను సగం నిద్రలో వదిలి వెళ్తుంది.

మన పక్షం వాళ్ళకూ ఒక మాట. "మాన్యువల్ చదువుకో, రాకపోతే లైనక్స్ నీకు కాదు" అని కసురుకునే లైనక్స్ అభిమానులు కూడా ఆ షాపువాడంత తప్పే చేస్తున్నారు. వాడు ఫైళ్ళు పోగొడతాడు, మీరు మనిషిని పోగొడతారు. చూపు లేనివాళ్ళకు తెరను చదివి వినిపించే ఓర్కా నడిచేది స్పీకర్ మీదే. దానికి గొంతునిచ్చే ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు కూడా పలుకుతుంది. అలాంటి వాడకందారుకు సౌండ్ పోవడమంటే పాట పోవడం కాదు, తెర మొత్తం పోవడం. ఆయన్ని మాన్యువల్ చదువుకోమనగలరా?

షాపు నడిపే తమ్ముళ్ళకు నా మనవి. లాప్‌టాప్ మీ బల్ల మీదికి రాగానే ఫార్మాట్ డిస్కు తీయకండి. ముందు సౌండ్ పేజీ చూడండి, కర్నెల్ సందేశాలు చూడండి, ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి. అయినా అంతుపట్టకపోతే కొత్త ఉబుంటునో ఫెడోరానో పెన్‌డ్రైవ్‌లో వేసి దాని మీదనుంచే బూట్ చేసి ఒక పాట పెట్టండి. అందులో పలికితే స్పీకరూ బోర్డూ బాగానే ఉన్నట్టు, లోపం పాత కర్నెల్‌దో లేని ఫర్మ్‌వేర్‌దో సెట్టింగ్‌దో అయి ఉంటుంది. అందులోనూ పలక్కపోతే ఆల్సా-ఇన్ఫో అనే స్క్రిప్టు నడిపి, అది ఇచ్చే వివరాలను డిస్ట్రిబ్యూషన్ వాళ్ళకు పంపండి. ఆ మోడల్‌కు రాయవలసిన వరుస అక్కడి నుంచే మొదలవుతుంది. పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడటానికి డిస్కులో ఒక్క ఫైలు కూడా చెరపనక్కర్లేదు.