మన మంచుకొండలు చెరువులే

వరుస కరవుల మధ్య ఆలస్యంగా వచ్చిన తడి మనిషికి కొండంత ధైర్యమిస్తుంది. 1991 నాటికి అమెరికాలోని కాలిఫోర్నియా ఏళ్లతరబడి కరవులో ఉంది. ఆ చలికాలమంతా సియెర్రా నెవాడా కొండల మీద మంచు అంతంతమాత్రమే. ఇక ఆశ లేదనుకున్నాక, మార్చిలో విరగబడి కురిసింది. జనం దాన్ని ‘మార్చి అద్భుతం’ అన్నారు. కరవు మాత్రం ఆ ఏడుతో పోలేదు, 1992 దాకా పట్టి పీడించింది. అయినా కొండ మీద పడ్డ మంచు గాదెలో పోసిన గింజల్లాంటిది. ఎండ ముదిరేకొద్దీ మెల్లగా కరిగి, అవసరమైన నెలల్లోనే జలాశయాలకు చేరుతుంది.

తమిళనాడులోని మన హోసూరు, కృష్ణగిరి సీమకు అలాంటి కొండలు లేవు. ఇక్కడ ఆకాశం నుంచి మంచు రాలేది వడగండ్లుగానే. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా నేల కాగి, సాయంత్రానికి మబ్బు నిలువునా లేస్తుంది. లోపలి గాలి ఉరవడికి నీటిబొట్లు పైకెగసి, గడ్డకట్టి, బరువెక్కి రాలతాయి. అప్పుడు మామిడి రైతుకు సంతోషమూ భయమూ ఒక్కసారే. మెత్తని జల్లు పిందెను నిలిపి కాయకు ఊటనిస్తుంది. వడగళ్లు తగిలితే అదే కాయ మచ్చపడి రాలిపోతుంది. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి మీద బతికే కుటుంబాలకు ఆ అరగంట ఏడాది కష్టాన్ని తేల్చేస్తుంది.

2016లో ఈశాన్య రుతుపవనాల వాన తమిళనాడులో 62 శాతం తగ్గింది. 2017 జనవరిలో రాష్ట్రమంతటినీ కరవు ప్రాంతంగా ప్రకటించారు. అలాంటి కరవు మీద పడే వేసవి వాన విలువైనదే. దుక్కికి పదునిస్తుంది, పశువుల నోటికి పచ్చిక అందిస్తుంది. కానీ ఎండిన బోరులోకి ఒక్క వానతో నీరు ఊరదు. నేల పైపొర తడిసిందని కరవు తీరిపోయినట్టు కాదు.

ఆ నీటిని నెలల తరబడి నిలిపి, భూమిలోకి మెల్లగా దించే పని ఇక్కడ చెరువులది. పై చెరువు నిండి మరవ పారితే కింది చెరువుకు నీరు చేరేలా మన పెద్దలు గొలుసుకట్టుగా తవ్వించారు. ఆ గొలుసు ఇప్పుడు చాలాచోట్ల తెగింది. వంకలు పూడిపోయాయి, కొన్నిటి మీద ఇళ్లు లేచాయి. పడ్డ వాన ఆగేందుకు చోటు లేక రోడ్ల వెంట పోతోంది.

నది గతి మరీ బాధాకరం. నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యామ్‌కు, అటుపైన కృష్ణగిరి డ్యామ్‌కు వస్తుంది. కొత్త నీరు వచ్చినప్పుడు కెలవరపల్లిలో తెల్లగా గుట్టలు లేచిన రోజులున్నాయి. దూరానికి మంచులా కనిపించే ఆ తెలుపు బెంగళూరు వైపు నుంచి కలిసిన మురుగు, రసాయనాల నురుగు. కరవులో కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన రైతుకు అందాల్సింది అది కాదు. ఎగువ నగరం తన మురుగును శుద్ధిచేసి వదలడం దిగువ పొలాల పట్ల దాని కనీస ధర్మం.

మార్చి 22న, ప్రపంచ జలదినం నాడు, తమిళనాడు పల్లెల్లో గ్రామసభలు జరుగుతున్నాయి. వేసవి జల్లులకు కొద్ది వారాల ముందే వచ్చే ఆ రోజు మనకు మంచి అదును. మన ఊరి చెరువుకు నీరు తెచ్చే వంక ఎక్కడ పూడింది, తూము పనిచేస్తోందా, మరవ సరిగా ఉందా అని ఆ సభలో నిలదీసి అడగాలి. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్లన్నీ తాగేది ఆ ఒక్క చెరువు చలవనే గనుక, అందరూ కలిసి అడగాలి. ఆలస్యంగానైనా వచ్చే వానను దక్కించుకునే దారి అదే.