రికమండేషన్ లేకనే ఆగిపోయానా?

మొన్న సంక్రాంతికి గిద్దలూరులో మా మేనమామ ఇంటికెళ్ళాను. అత్త అరిసెల పళ్ళెం ఇంకా చేతికివ్వనేలేదు, మామ పంచాయితీ మొదలుపెట్టాడు.

"అల్లుడూ, నువ్వన్నా చెప్పు వీడికి. బీటెక్ రెండో సంవత్సరంలో మానేసి హైదరాబాద్ పోతాడంట. కీబోర్డు వాయిస్తాడంట. అసలు నువ్వెంత బాగా వాయించేవాడివి! రికమండేషన్ లేక నీకే పని దొరకలేదు గదా. వీడికెవడిస్తాడు?"

మా బావమరిది గోడకి ఆనుకుని నావైపే చూస్తున్నాడు. నా నోట్లో అరిసె ముక్క గొంతు దిగలేదు. ఎందుకంటే ఆ 'రికమండేషన్ లేక' అనే మాట మా ఇంట్లో పుట్టించింది నేనే. అది పూర్తి నిజం కాదు.

అసలు జరిగింది చెప్తా. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను మార్కాపురంలో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు, ఎక్కడ తిరునాళ్ళయితే అక్కడికి, ఎవరింట్లో పెళ్ళయితే అక్కడికి. జనం ఈలలు వేసేవాళ్ళు. డిగ్రీ చేతికి రాగానే ఎర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా పోయే రాత్రి బస్సెక్కి హైదరాబాద్ పోయా. తెలిసినాయన ఒకరు ఒక స్టూడియోకి తీసుకెళ్ళారు. అంటే, రికమండేషన్ ఉంది! అక్కడ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, "క్లిక్‌కి వాయించు బాబూ" అన్నారు. టక్ టక్ మని ఆగకుండా కొట్టే ఆ తాళానికి సరిగ్గా నిలబడి నాలుగు నిమిషాలు వాయించాలి. రెండో చరణానికే నేను ముందుకి పరిగెత్తా. తర్వాత శ్రుతి మార్చి వాయించమన్నారు. నేను ట్రాన్స్‌పోజ్ బటన్ వెతికా. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "ఆరు నెలలు సాధన చేసి రా" అన్నారు. నేను మళ్ళీ పోలేదు. ఇంటికొచ్చి మాత్రం "అక్కడంతా రికమండేషన్లే" అన్నాను. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు మామ ముందు ఇదంతా చెప్పేశా. మామ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నేనూ బావమరిదీ డాబా మీద కూర్చుని రాత్రి దాకా మాట్లాడుకున్నాం. సంగీతాన్ని వృత్తిగా తీసుకోవడం గురించి ఇంట్లో పెద్దలకీ, మా ఈడు కుర్రాళ్ళకీ ఉన్న భ్రమలు ఒకటొకటే బయటికొచ్చాయి.

"చదువు మానేస్తేనే సంగీతం వస్తుంది బావా. బాలు గారు కూడా ఇంజనీరింగ్ మానేశారుగా?" అన్నాడు. ఇది చాలామంది అనుకునేదే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ వదిలింది టైఫాయిడ్ వల్ల. తర్వాత మద్రాసు వెళ్ళి ఏఎంఐఈలో చేరి చదువుతూనే పాటల పోటీల్లో పాడారు. అక్కడ కోదండపాణి గారి దృష్టిలో పడ్డారు. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కి తొలిపాట రికార్డయింది 1966లో. పుస్తకాలు గిరాటేసి పోయిన మనిషి కాదాయన. చదువు ఒక పక్క ఉండగానే తలుపు తట్టారు.

"గొంతు దేవుడిచ్చిన వరం, ఉంటే ఉంటది, లేకపోతే లేదు" అంటుంది మా అత్త. ఘంటసాల గారి గొంతు వరమే, కాదనం. కానీ ఆ వరం ఉన్న మనిషే విజయనగరం సంగీత కళాశాలలో చదువుకోడానికి పోయి, మధుకరం ఎత్తి, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తిని నేర్చుకున్నారు. అంతదాకా ఎందుకు, మన ప్రాంతమే చూడండి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వర విద్వాంసుల ఇంటివాడు. తండ్రి దగ్గర, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నది చాలదనుకుని, తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్ళి మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి వచ్చాయి. నాదస్వరం పుట్టుకతోనే ఇంట్లో ఉన్న మనిషికే మళ్ళీ నేర్చుకోక తప్పలేదు. తిరునాళ్ళలో నాలుగు ఈలలు విన్న నేను మాత్రం అంతా వచ్చేసిందనుకున్నా!

ఇంకో భ్రమ: సంగీతం అంటే సినిమా, సినిమా అంటే టీవీ పోటీ. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక మన పల్లెల్లో కూడా పిల్లలు పాట నేర్చుకోవడం పెరిగింది, మంచిదే. కానీ తెర మీద కనిపించేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. సంగీతం మీద బతికేవాళ్ళు వేరే చాలామంది ఉన్నారు. స్కూళ్ళలో సంగీతం చెప్పేవాళ్ళు, గుళ్ళో నాదస్వరం, డోలు వాయించేవాళ్ళు, హీరో గాయకుడు వచ్చేలోపు ట్రాక్ పాడేవాళ్ళు, రికార్డింగ్ సరిచేసే సౌండ్ ఇంజనీర్లు, ఆడిషన్ పాసై ఆకాశవాణిలో బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడులు తెచ్చుకునే కళాకారులు. వీళ్ళ ఫోటోలు పత్రికల్లో రావు. ఇల్లు మాత్రం గడుస్తుంది.

"గడుస్తుందా? ఆషాఢంలో?" అని మామ కింది నుంచే అరిచాడు. ఆ మాట నిజం. మా ఆర్కెస్ట్రా ఓనర్ దగ్గర పంచాంగం, ఖాతా పుస్తకం ఒకే సంచిలో ఉండేవి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం నిండుగా ఉంటాయి. ఆషాఢం, మూఢాలు వస్తే చేతిలో పైసా ఆడదు. ఆయన ముహూర్తాల నెలల్లో వచ్చినదాన్ని పన్నెండు నెలలకీ పంచుకునేవాడు. మిగతా రోజుల్లో పిల్లలకి కీబోర్డు నేర్పేవాడు. కళాకారుడికి లెక్కలెందుకు అనుకోవడం కూడా భ్రమే. అడ్వాన్సు తీసుకోకుండా ప్రోగ్రాం ఒప్పుకుంటే ఏమవుతుందో మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు, పెళ్ళివారి ఇంటి ముందు తెల్లారేదాకా కూర్చున్నాం కాబట్టి.

కాగితాల సంగతి కూడా అంతే. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, పాట రాసినవాళ్ళకీ, బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో హక్కు పోకుండా కట్టుదిట్టం చేశారు. ఐపీఆర్ఎస్ లాంటి సంస్థలో సభ్యత్వం తీసుకుంటే ఆ డబ్బు చేరే దారి ఉంది. సొంతంగా పాటలు చేసే కుర్రాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇది. చదవకుండా సంతకం పెట్టడం కళాపోషణ కాదు.

ఇక పెద్దవాళ్ళ భ్రమ. "ఉద్యోగమైతే భద్రం, సంగీతమైతే అడుక్కుతినడమే." మా నాన్న మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఒకప్పుడు పలక అంటే మార్కాపురమే, అది ఎప్పటికీ ఆగని పని అనుకున్నారు. బళ్ళో పిల్లల చేతుల్లోంచి పలక పోయింది. నా సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. లేఆఫ్ మెయిల్ వచ్చిన పొద్దున పక్క సీటువాడి మొహం నేను చూశా. ఏ పనికీ శాశ్వత హామీ లేదు. పని వచ్చా రాదా అన్నదే మన చేతిలో ఉంది.

అన్నీ విని మా బావమరిది అడిగాడు, "అయితే పొమ్మంటావా, వద్దంటావా?"

నేను పొమ్మనలేదు, వద్దనలేదు. బీటెక్ పూర్తి చేయమన్నా. రోజూ గంటన్నర క్లిక్ పెట్టుకుని వాయించమన్నా. ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోకుండా అన్ని శ్రుతుల్లో ఒకే పాట. ఆరు నెలల తర్వాత వాడి వాయిద్యం విని, ఆ స్టూడియోకి నేనే తీసుకుపోతా అన్నా. అప్పుడు నేను చేయలేని పని వాడు చేసి చూడాలి. ఆ తర్వాత ఏమైనా వాడి నిర్ణయమే. మామకి ఈ ఏర్పాటు సగమే నచ్చింది. "ఆరు నెలలేగా" అని లోపలికి పోయాడు.

పోయిన ఆదివారం వాట్సాప్‌లో ఒక రికార్డింగ్ పంపాడు. విన్నా. "రెండో చరణంలో పరిగెత్తుతున్నావురా" అని పెట్టా.

"తెలుసు బావా. అది పదకొండోసారి. పన్నెండోది చేస్తున్నా" అని వెంటనే జవాబొచ్చింది.

నేను ఒక్కసారి తప్పు పోగానే బస్సెక్కి ఇంటికొచ్చినవాణ్ణి. అటక మీద నుంచి నా పాత కీబోర్డు దించి, దుమ్ము తుడిచి పెట్టా. అడాప్టర్ ఒక్కటే దొరకలేదు. కొనాలి.